యూనిక్స్ వ్యవస్థలో వినియోగదారుల ఖాతాలను సామూహికంగా సృష్టించడం: ఒక చారిత్రక పరిశీలన

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు.

• యూనిక్స్ దృష్టిలో 'ఖాతా' అంటే ఏమిటి, అందులో ఏయే అంశాలుంటాయి
• ఖాతాల సృష్టి చేతిపని నుంచి యంత్రం చేసే పనిగా మారిన క్రమం
• వందల ఖాతాలను ఒకేసారి సృష్టించినప్పుడు సంఖ్య, పేరు, పాస్‌వర్డ్ విషయంలో ఎదురైన సమస్యలు
• మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో నడిచిన అథీనా ప్రాజెక్టు ఈ సమస్యను పరిష్కరించిన తీరు
• నేటి లినక్స్ ప్రయోగశాలలకు ఈ చరిత్ర ఇచ్చే పాఠం

6.1 విషయ పరిచయం

ఒక కళాశాలలో కొత్త విద్యా సంవత్సరం మొదలవుతోందనుకోండి. ప్రవేశాల జాబితాలో 300 పేర్లు ఉన్నాయి. సోమవారం ఉదయం ప్రయోగశాల తలుపులు తీసేసరికి ఈ 300 మందికీ యూనిక్స్ వ్యవస్థలో ఖాతాలు సిద్ధంగా ఉండాలి. ఒక్కొక్క ఖాతాకు 5 నిమిషాల చొప్పున లెక్కవేసినా మొత్తం 25 గంటల పని. అంత పనిని చేత్తో ఎవరూ చేయరు. చేసినా తప్పులు దొర్లక మానవు. కాబట్టి జాబితాను ఒక ఫైలులో పెట్టి, ఒక చిన్న ప్రోగ్రాం రాసి, పనిని యంత్రానికి అప్పగిస్తారు. కొన్ని క్షణాల్లో 300 ఖాతాలు తయారవుతాయి.

చూడటానికి ఇది కేవలం శ్రమ తగ్గించుకొనే ఉపాయంలా కనిపిస్తుంది. అయితే చరిత్రను పరిశీలిస్తే, ఖాతాను సృష్టించడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదని, సృష్టించిన ఖాతాను సరయిన మనిషి చేతికి మాత్రమే అందించడమే అసలు కష్టమని తెలుస్తుంది. ఖాతా అనేది ఒక వ్యక్తికి వ్యవస్థలో ఉండే గుర్తింపు. అతని ఫైళ్లు, ఉత్తరాలు, అతను చేసిన పనికి బాధ్యత అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. ఆ ముడి బిగియాలంటే మూడు విషయాలు కుదరాలి. ఆ మనిషికి మరొకరికి లేని సంఖ్య ఉండాలి. మరొకరితో కలవని పేరు ఉండాలి. అతనికి తప్ప మరెవరికీ తెలియని రహస్యం ఉండాలి. ఈ మూడింటినీ గుంపుగా పంచిపెట్టబోయిన ప్రతిసారీ ఏదో ఒక చోట ముడి జారింది. అది ఎక్కడెక్కడ ఎలా జారిందో, ఎలా బిగించారో ఈ భాగంలో చూద్దాం.

6.2 యూనిక్స్‌కు ముందు: పాస్‌వర్డ్ ప్రవేశం

1950ల చివరి వరకు ఒక కంప్యూటర్‌ను ఒకసారి ఒక పనికే వాడేవారు. కార్డుల కట్ట తెచ్చి ఇవ్వడం, ఫలితాల కాగితాలు తీసుకొని వెళ్లడం అప్పటి పద్ధతి. ఎవరి కార్డులు వారి దగ్గరే ఉండేవి కాబట్టి, 'మీరెవరు?' అని యంత్రం అడగవలసిన అవసరం రాలేదు.

1961 నవంబరులో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందం 'సీటీఎస్ఎస్' అనే కాలవిభజన వ్యవస్థను ప్రదర్శించింది. ఒకే యంత్రాన్ని అనేకమంది తమ తమ టెర్మినళ్ల దగ్గర కూర్చొని ఏకకాలంలో వాడుకోవడం అందులోని విశేషం. అందరి ఫైళ్లూ ఒకే చోట ఉండటంతో ఎవరి ఫైళ్లు ఎవరివో తేల్చవలసి వచ్చింది. ఎవరు ఎంత యంత్రకాలం వాడుకున్నారో కూడా లెక్క కట్టవలసి వచ్చింది. అందుకోసం ప్రతి వినియోగదారుకు ఒక పాస్‌వర్డ్ ఇచ్చి, వాటన్నిటినీ ఒక ఫైలులో దాచారు.

ఈ ఏర్పాటు ఎంత బలహీనమో త్వరలోనే తేలింది. 1962లో అలాన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకు కేటాయించిన వారానికి 4 గంటల యంత్రకాలం చాలక, పాస్‌వర్డ్ ఫైలును అచ్చు వేయమని కోరుతూ ఒక కార్డును పనుల వరుసలో పెట్టాడు. యంత్రం ఆ ఫైలును అచ్చు వేసి ఇచ్చింది. ఈ సంగతిని ఆయనే చాలా ఏళ్ల తరవాత బహిరంగంగా చెప్పాడు.

అదే దశాబ్దంలో మరొక సంఘటన జరిగింది. ఒక నిర్వాహకుడు పాస్‌వర్డ్ ఫైలును సవరిస్తుండగా, మరొక నిర్వాహకుడు అదే సమయంలో ఆనాటి ప్రకటనను సవరిస్తున్నాడు. ఎడిటర్ వాడుకొనే తాత్కాలిక ఫైళ్లు ఒకదానికొకటి మారిపోయాయి. ఫలితంగా ఆ రోజు టెర్మినల్ దగ్గరకు వచ్చిన ప్రతివారికీ ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చాయి. ఇక్కడ దొంగ ఎవరూ లేరు. ఖాతాల ఫైలును చేత్తో సవరించడమే ప్రమాదానికి దారితీసింది. ఈ సంఘటనను గుర్తుంచుకోండి, 6.5లో దీని అవసరం వస్తుంది.

6.3 యూనిక్స్ పద్ధతి: ఒక మనిషికి ఒక పంక్తి

కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో బెల్ ప్రయోగశాలలో యూనిక్స్ నిర్మాణాన్ని ప్రారంభించారు. దాని మొదటి కరదీపిక 1971 నవంబరు 3 తేదీతో వెలువడింది. వినియోగదారుల వివరాలను మామూలు అక్షరాల ఫైలులో, ఒక్కొక్కరికి ఒక్కొక్క పంక్తి చొప్పున రాయడం అప్పటినుంచే ఉంది. ఎట్‌సీ డైరెక్టరీలోని పాస్‌వర్డ్ ఫైలు అదే.

కాలక్రమంలో ఈ పంక్తిలో ఏడు అంశాలు స్థిరపడ్డాయి. వాటి మధ్య కోలన్ గుర్తు ఉంటుంది. తెలుగులో రాసి చూపితే పంక్తి ఇలా ఉంటుంది:

రాధ : గుప్తరూపం : 105 : 20 : కె. రాధ, గణిత శాఖ : ఇంటి డైరెక్టరీ : షెల్

మొదటిది ప్రవేశనామం. రెండోది పాస్‌వర్డ్ గుప్తరూపం. మూడోది వినియోగదారు సంఖ్య. నాలుగోది సమూహ సంఖ్య. అయిదోది వ్యక్తి వివరాలు. ఆరోది ఆమె ఫైళ్లుండే ఇంటి డైరెక్టరీ. ఏడోది ప్రవేశించగానే నడిచే ప్రోగ్రాం. అయిదో అంశాన్ని నేటికీ 'జీకాస్' క్షేత్రం అంటారు. బెల్ ప్రయోగశాల వారు తమ అచ్చు పనులను జీకాస్ అనే వేరొక వ్యవస్థ ఉన్న యంత్రాలకు పంపేవారు. అక్కడి గుర్తింపు వివరాలు ఈ క్షేత్రంలో ఉండేవి. ఆ యంత్రాలు పోయినా పేరు మిగిలింది.

పంక్తిని రాసినంత మాత్రాన ఖాతా పూర్తికాదు. నిర్వాహకుడు ఇంటి డైరెక్టరీని సృష్టించాలి. దాని యాజమాన్యాన్ని ఆ వినియోగదారుకు బదలాయించాలి. ప్రారంభ ఫైళ్లను అందులోకి నకలు చేయాలి. సమూహాల ఫైలులో పేరు చేర్చాలి. వీటిలో ఏ ఒక్కటి మరచినా ఖాతా కుంటుతుంది. ఉదాహరణకు, యాజమాన్యాన్ని బదలాయించకపోతే ఆ డైరెక్టరీ నిర్వాహకుడి పేరనే ఉండిపోతుంది. విద్యార్థి లోపలికి రాగలడు కాని తన ఇంట్లో తానే ఒక్క ఫైలు కూడా రాసుకోలేడు.

పదిమంది ఉన్న ప్రయోగశాలకు ఈ పద్ధతి హాయిగా సరిపోయింది. అందరూ ఒకరికొకరు తెలిసినవారే. కొత్తగా వచ్చినవారిని పక్కన కూర్చోబెట్టుకొని ఖాతా తెరిచి, పాస్‌వర్డ్‌ను వారి చేతనే టైపు చేయించవచ్చు. యూనిక్స్ విశ్వవిద్యాలయాలకు చేరడంతో పరిస్థితి మారింది.

6.4 సంఖ్య, పేరు: మొదటి రెండు చిక్కులు

యూనిక్స్ అంతర్భాగమైన కెర్నెల్‌కు పేర్లతో నిమిత్తం లేదు. దానికి తెలిసింది వినియోగదారు సంఖ్య ఒక్కటే. ప్రతి ఫైలు మీదా యజమాని పేరు కాదు, సంఖ్య ఉంటుంది. కాబట్టి రెండు పంక్తుల్లో పొరపాటున ఒకే సంఖ్య పడితే, పేర్లు వేరయినా కెర్నెల్ దృష్టిలో ఆ ఇద్దరూ ఒక్కరే. ఒకరి ఉత్తరాలు, జవాబు ఫైళ్లు మరొకరు చదవవచ్చు, చెరపవచ్చు.

1975లో వచ్చిన ఆరో కూర్పు వరకు ఈ సంఖ్యకు 8 బిట్లు మాత్రమే కేటాయించారు. అంటే 0 నుంచి 255 వరకు, మొత్తం 256 సంఖ్యలు. మనం మొదట అనుకున్న 300 మంది విద్యార్థులు ఆ వ్యవస్థలో తలా ఒక సంఖ్యతో పట్టనే పట్టరు. 1979 నాటి ఏడో కూర్పు దీన్ని 16 బిట్లకు పెంచింది. 16 బిట్లతో 65,536 విలువలు సాధ్యం. లినక్స్ 2001 జనవరిలో విడుదలయిన 2.4 కూర్పులో 32 బిట్లకు మారింది.

సంఖ్యలు చాలకపోతే నిర్వాహకులు ఏం చేస్తారు? చదువు ముగించి వెళ్లిన వారి సంఖ్యలను కొత్తవారికి ఇస్తారు. ఇక్కడొక ప్రమాదం పొంచి ఉంది. పాతవారి పంక్తిని తొలగించినా వారి ఫైళ్లు డిస్కులో ఏదో ఒక మూల మిగిలి ఉండవచ్చు. ఆ ఫైళ్ల మీద పాత సంఖ్యే ఉంటుంది. అదే సంఖ్యను కొత్త విద్యార్థికి ఇచ్చిన క్షణం నుంచి ఆ ఫైళ్లకు అతనే యజమాని. ఎవరూ అనుకోకుండానే ఒకరి ఆస్తి మరొకరికి సంక్రమిస్తుంది. అందుకే సామూహికంగా ఖాతాలు సృష్టించడం నేర్చుకొనేవారు సామూహికంగా మూసివేయడం కూడా నేర్చుకోవాలి. ఒకసారి వాడిన సంఖ్యను తిరిగి ఇవ్వకపోవడం క్షేమకరం.

పేరు విషయంలో మరొక చిక్కు వచ్చింది. చాలాకాలం ప్రవేశనామం 8 అక్షరాలకు పరిమితం. ఎవరెవరు లోపల ఉన్నారో నమోదు చేసే ఫైలులో పేరుకు 8 అక్షరాల చోటే ఉండేది. ఈ పరిమితి ఇంగ్లీషు పేర్ల కంటే మన పేర్లను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. వెంకటేశ్, వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు అనే ముగ్గురిని తీసుకోండి. ఈ పేర్లను మనం సాధారణంగా రాసే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మొదటి 8 అక్షరాలు ముగ్గురికీ ఒక్కటే. పేరును కత్తిరించి ప్రవేశనామం తయారుచేసే ప్రోగ్రాం ముగ్గురికీ ఒకే పేరు ఇస్తుంది. రెండోవారి దగ్గర ఆగి హెచ్చరించే ప్రోగ్రాం అయితే మేలు. హెచ్చరించకుండా ముందుకు సాగేదయితే రెండో పంక్తి, మూడో పంక్తి వ్యర్థమవుతాయి. పేరు వెతికేటప్పుడు వ్యవస్థ మొదట దొరికిన పంక్తినే తీసుకుంటుంది కదా. పైగా మన దగ్గర ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరవాత వస్తాయి. ఇంటిపేరు చాలాసార్లు ఒక్క అక్షరంగానే మిగులుతుంది. 'మొదటి పేరు, చివరి పేరు' అనే పాశ్చాత్య లెక్కతో రాసిన ప్రోగ్రాంను ఇక్కడి జాబితా మీద యథాతథంగా నడిపితే ఏమవుతుందో మీరే ఊహించవచ్చు. ఈ కారణంగానే హాల్ టికెట్ సంఖ్యను ప్రవేశనామంగా వాడటం సులువుగా తోస్తుంది. దానివల్ల పేర్లు కలవవు. అయితే వరుస సంఖ్యలు కావడం వల్ల పక్కవారి ప్రవేశనామం అందరికీ తెలిసిపోతుంది. అప్పుడు భారమంతా పాస్‌వర్డ్ మీదే పడుతుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. వినియోగదారు సంఖ్యను తిరిగి వాడటం వల్ల వచ్చే ప్రమాదం ఏమిటి?
2. మీ తరగతి జాబితాలోని పేర్లను ఇంగ్లీషులో రాసి, మొదటి 8 అక్షరాల దగ్గర కత్తిరించి చూడండి. ఎన్ని పేర్లు కలిసిపోయాయి?

6.5 చేతిరాత నుంచి యంత్రం రాతకు

సీటీఎస్ఎస్‌లో ఇద్దరు నిర్వాహకుల పని కలగలిసిపోయిన సంఘటనను 6.2లో చూశాం. యూనిక్స్‌లోనూ దాదాపు అలాంటి అవకాశం ఉంది. ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో పాస్‌వర్డ్ ఫైలును తెరిచి సవరిస్తే, చివర భద్రపరచినవారి మార్పులే మిగులుతాయి. మొదటివారు చేర్చిన పంక్తులు మాయమవుతాయి. దీన్ని నివారించడానికి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1980లో విడుదల చేసిన కూర్పులో 'విఐపీడబ్ల్యూ' అనే ఆదేశం చేర్చారు. ఒకరు ఫైలును సవరిస్తుండగా అది తాళం వేస్తుంది. రెండోవారు ఆగవలసిందే. సవరణ పూర్తయ్యాక ఫైలు సక్రమంగా ఉందో లేదో కూడా కొంతవరకు సరిచూస్తుంది.

సామూహిక సృష్టికి అసలైన దారి 1979 నాటి ఏడో కూర్పుతో తెరుచుకుంది. అందులో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ ఉంది. పంక్తుల్లోని క్షేత్రాలను విడదీసి మళ్లీ కూర్చగలిగే 'ఆక్' భాష ఉంది. ఖాతా అంటే కోలన్లతో విడదీసిన పంక్తే కాబట్టి, ప్రవేశాల జాబితా నుంచి అలాంటి పంక్తులను తయారుచేయడం ఈ పరికరాలకు అతి సులభమైన పని. డైరెక్టరీని సృష్టించడం, యాజమాన్యాన్ని బదలాయించడం వంటి పనులను షెల్ ప్రోగ్రాం వరుసగా చేసుకుంటూ పోతుంది. అనేక విద్యాసంస్థల్లో నిర్వాహకులు తమ అవసరానికి తగిన ప్రోగ్రాంలు తామే రాసుకున్నారు. తరవాతి కాలంలో 'యూజర్‌యాడ్', 'యాడ్‌యూజర్' వంటి ఆదేశాలు వ్యవస్థలతోపాటే రావడం మొదలయింది.

యంత్రం రాతతో మరచిపోవడం తగ్గింది. అయితే తప్పు స్వభావం మారింది. చేత్తో చేసినవాడు ఒక ఖాతాలో తప్పు చేస్తాడు. ప్రోగ్రాం తప్పయితే 300 ఖాతాల్లోనూ అదే తప్పు, అదే క్షణంలో జరుగుతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు ఫైలును నకలు తీసి పెట్టుకుంటారు, ప్రోగ్రాం చేయబోయే పనిని తెర మీద మాత్రమే చూపించమని అడుగుతారు, రెండు మూడు పేర్లతో పరీక్షించి చూస్తారు. ఆ తరవాతే మొత్తం జాబితాను ఇస్తారు.

6.6 రహస్యం: మూడో చిక్కు

సంఖ్యలను, పేర్లను యంత్రమే కూర్చగలదు. పాస్‌వర్డ్ దగ్గరకు వచ్చేసరికి చిక్కు వేరే రకం. నిర్వాహకుడు 300 రహస్యాలను తయారుచేస్తున్నాడంటే, ఆ 300 రహస్యాలూ పుట్టిన క్షణంలోనే ఇద్దరికి తెలిసినవి అవుతున్నాయి. వాటిని కాగితం మీద అచ్చు వేస్తే ఆ కాగితం చూసిన వారందరికీ తెలుస్తాయి.

తొలి యూనిక్స్‌లో పాస్‌వర్డులు స్పష్టాక్షరాలలోనే ఉండేవి. తరవాత వాటిని గుప్తరూపంలో దాచారు. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979 నవంబరులో ప్రచురించిన వ్యాసంలో ఈ పరిణామాన్ని వివరించారు. పాస్‌వర్డ్ నుంచి గుప్తరూపాన్ని తేలికగా లెక్కించవచ్చు కాని గుప్తరూపం నుంచి పాస్‌వర్డ్‌ను వెనక్కి రాబట్టలేం. దానికితోడు వారు 'ఉప్పు' అనే అంశాన్ని చేర్చారు. కూరలో ఉప్పు కలిపినట్లే, ప్రతి పాస్‌వర్డ్‌కు గుప్తీకరణ సమయంలో 12 బిట్ల యాదృచ్ఛిక విలువను కలుపుతారు. అంటే ఒకే పాస్‌వర్డ్‌కు 4,096 వేర్వేరు గుప్తరూపాలు సాధ్యం.

సామూహిక ఖాతాలకు ఇది ఎందుకు ముఖ్యం? పాస్‌వర్డ్ ఫైలును అప్పట్లో అందరూ చదవగలిగేవారు. సంఖ్యను పేరుగా మార్చి చూపించడానికి మామూలు ఆదేశాలకు ఆ ఫైలు కావాలి. నిర్వాహకుడు 300 మందికీ ఒకే తొలి పాస్‌వర్డ్ ఇచ్చాడనుకోండి. ఉప్పు లేకపోతే 300 పంక్తుల్లోనూ ఒకే గుప్తరూపం కనిపించి, ఇంకా ఎవరెవరు పాస్‌వర్డ్ మార్చుకోలేదో ఫైలు చూసినవారికి ఇట్టే తెలిసిపోతుంది. ఉప్పు కలిపితే ఆ పోలిక కనిపించదు. అయినా అసలు సమస్య తీరలేదని గమనించండి. తొలి పాస్‌వర్డ్ ఏమిటో తరగతిలో ప్రతివారికీ తెలుసు, ఎందుకంటే తమకు ఇచ్చిందీ అదే. గుప్తలిపి ఎంత గట్టిదయినా అందరికీ తెలిసిన రహస్యాన్ని కాపాడలేదు.

అలాగయితే ఒక్కొక్కరికి ఒక్కొక్క యాదృచ్ఛిక పాస్‌వర్డ్‌ను యంత్రం చేత తయారుచేయిస్తే? మోరిస్, థాంప్సన్ తమ వ్యాసంలో సరిగ్గా ఇలాంటి ఉదంతాన్నే చెప్పారు. ఒక చోట చిన్న అక్షరాలు, అంకెలు కలిపి 8 స్థానాల పాస్‌వర్డులను యంత్రం చేత తయారుచేయించి వినియోగదారులకు ఇచ్చారు. ఒక్కొక్క స్థానంలో 36 అవకాశాలు. అన్ని కూర్పులనూ ఆనాటి పీడీపీ-11/70 యంత్రం మీద పరీక్షించాలంటే 112 సంవత్సరాలు పడుతుందని లెక్క. కాని యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించే ప్రోగ్రాం 32,768 వేర్వేరు ఫలితాలను మాత్రమే ఇవ్వగలదు. దాడి చేసినవాడు ఆ 32,768 పదాలనూ తానూ పుట్టించి పరీక్షించాడు. సుమారు ఒక్క నిమిషం యంత్రకాలంలో అక్కడి యంత్రనిర్మిత పాస్‌వర్డులన్నీ బయటపడ్డాయి.

ఒక మనిషి బలహీనమైన పాస్‌వర్డ్ ఎంచుకుంటే ఒక ఖాతా పోతుంది. అందరి రహస్యాలూ ఒకే యంత్రాంగం నుంచి పుడితే, ఆ యంత్రాంగంలోని లోపం అందరినీ ఒకేసారి ముంచుతుంది.

మరి పాస్‌వర్డ్ ఎంపికను పూర్తిగా వినియోగదారులకే వదిలేస్తే? ఆ వ్యాసంలోనే మరొక లెక్క ఉంది. వారు సేకరించిన 3,289 పాస్‌వర్డులలో 2,831, అంటే 86 శాతం, మరీ చిన్నవో, నిఘంటువుల్లో, పేర్ల జాబితాల్లో దొరికేవో అని తేలింది. ఇది ఎంత ప్రమాదకరమో 1988 నవంబరు 2న ప్రపంచానికి తెలిసింది. ఆ రోజు ఇంటర్నెట్‌లో వ్యాపించిన 'వర్మ్' ప్రోగ్రాం అనేక మార్గాల్లో యంత్రాల్లోకి చొరబడింది. వాటిలో పాస్‌వర్డ్ ఊహించడం ఒకటి. అది ప్రతి ఖాతాకు మొదట ఖాళీ పాస్‌వర్డ్‌ను, ప్రవేశనామాన్ని, దాన్ని తిరగేసి రాసిన రూపాన్ని, మనం 6.3లో చూసిన జీకాస్ క్షేత్రంలోని అసలు పేరును ప్రయత్నించేది. తరవాత తనలో ఉన్న 432 పదాల జాబితాను వాడేది. ఆ ప్రోగ్రాంను రాసిన విద్యార్థి రాబర్ట్ టి. మోరిస్, పై వ్యాసకర్తలలో ఒకరయిన మోరిస్ కుమారుడే. ప్రవేశనామాన్నే తొలి పాస్‌వర్డ్‌గా పెట్టి, 'తరవాత మార్చుకోండి' అని వదిలేసే అలవాటు ఇలాంటి దాడికి తలుపు తెరిచి ఉంచడంతో సమానం.

6.7 అథీనా పరిష్కారం: జాబితా సంస్థది, రహస్యం విద్యార్థిది

ఈ సమస్యను పెద్ద ఎత్తున ఎదుర్కొన్న సంస్థ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థే. విద్యార్థులందరికీ కంప్యూటర్ సౌకర్యం కల్పించే ఉద్దేశంతో 1983లో డిజిటల్, ఐబీఎం సంస్థల సహకారంతో అథీనా ప్రాజెక్టు మొదలయింది. అది 1991 వరకు నడిచింది. లక్ష్యం వేల మంది వినియోగదారులు, వందల యంత్రాలు. ప్రతి యంత్రంలోనూ వేరుగా పాస్‌వర్డ్ ఫైలును ఉంచి సవరించడం అసాధ్యం. 1985లో సన్ సంస్థ తన 'ఎల్లో పేజెస్' సేవ ద్వారా ఒకే ఫైలును అనేక యంత్రాలకు పంచే మార్గం చూపింది. తరవాత పేరు వివాదం కారణంగా దాన్ని ఎన్ఐఎస్ అన్నారు. అందులో గుప్తరూపాలు కూడా నెట్‌వర్క్‌లో అందరికీ అందుబాటులో ఉండేవి.

అథీనా మరొక దారి పట్టింది. ఖాతాల వివరాలన్నిటినీ 'మోయిరా' అనే కేంద్ర డేటాబేస్‌లో ఉంచారు. గ్రీకు భాషలో మోయిరా అంటే విధి. పాస్‌వర్డులను దానినుంచి వేరుచేసి 'కెర్బెరోస్' అనే ప్రత్యేక సేవకు అప్పగించారు.

కొత్త విద్యార్థుల నమోదును వారు నిర్వహించిన తీరు మనకు ముఖ్యం. ప్రతి టర్ము ప్రారంభంలో రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి నమోదయిన విద్యార్థుల జాబితా వచ్చేది. ఖాతా లేనివారి పేర్లను ఒకేసారి డేటాబేస్‌లో చేర్చేవారు. విద్యార్థి గుర్తింపు సంఖ్యను గుప్తరూపంలో పక్కన ఉంచేవారు. ఇంతవరకే సామూహికం. ఈ దశలో విద్యార్థికి ప్రవేశనామం లేదు, పాస్‌వర్డ్ లేదు. తరవాత విద్యార్థి ఏదయినా ఒక యంత్రం దగ్గరకు వెళ్లి, నమోదు కోసం ఉంచిన ప్రత్యేక నామంతో ప్రవేశించి, తన పేరు, గుర్తింపు సంఖ్య ఇచ్చేవాడు. అవి జాబితాతో సరిపోలితే తన ప్రవేశనామాన్ని తానే ఎంచుకొని, తన పాస్‌వర్డ్‌ను తానే పెట్టుకొనేవాడు. సిబ్బంది జోక్యం అక్కర లేదు.

మన మూడు ముడులను ఇక్కడ సరిచూడండి. సంఖ్యను డేటాబేస్ ఇస్తుంది కాబట్టి ఒకటి రెండోసారి రాదు. పేరును విద్యార్థే ఎంచుకుంటాడు, అది అప్పటికే ఉంటే వ్యవస్థ ఒప్పుకోదు. కనుక కత్తిరింపుల గొడవ లేదు. రహస్యం మొదటినుంచీ విద్యార్థికి మాత్రమే తెలుసు. నిర్వాహకుడు దాన్ని తయారుచేయలేదు, చూడలేదు, కాగితం మీద అచ్చు వేయలేదు. పాస్‌వర్డులు పంచే పని పోయి, అర్హుల జాబితాను సిద్ధం చేసే పని మాత్రం సంస్థకు మిగిలింది.

ఇందులోనూ బలహీనత లేకపోలేదు. మరొకరి పేరు, గుర్తింపు సంఖ్య తెలిసినవారు అసలు విద్యార్థి కంటే ముందే వెళ్లి ఖాతాను తెరవగలరు. కాబట్టి గుర్తింపు సంఖ్య ఎంత గోప్యంగా ఉంటే నమోదు అంత క్షేమం. నోటీసు బోర్డు మీద అందరి సంఖ్యలూ అంటించే చోట ఈ పద్ధతిని యథాతథంగా అనుసరించరాదు.

6.8 నేటి లినక్స్ ప్రయోగశాల

ఈ రోజు మీరు వాడే లినక్స్ వ్యవస్థల్లో 'న్యూయూజర్స్' అనే ఆదేశం ఉంటుంది. పాస్‌వర్డ్ ఫైలు రూపంలోనే, కోలన్లతో విడదీసిన పంక్తులున్న ఫైలును ఇస్తే ఖాతాలన్నిటినీ అది ఒకేసారి సృష్టిస్తుంది. ఒక తేడా గమనించాలి. రెండో క్షేత్రంలో ఇక్కడ పాస్‌వర్డ్ స్పష్టాక్షరాలలో ఉంటుంది. అందుకే ఆ ఫైలును ఇతరులు చూడకుండా కాపాడాలని ఆ ఆదేశపు కరదీపిక ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. సీటీఎస్ఎస్ నాటి స్పష్టాక్షరాల ఫైలు కొద్ది నిమిషాల కోసమే అయినా మళ్లీ మన ముందుకు వచ్చినట్లే. శాశ్వతమైన గుప్తరూపాలు మాత్రం ఇప్పుడు అందరూ చదివే ఫైలులో ఉండవు. నిర్వాహకుడు మాత్రమే చదవగల 'షాడో' ఫైలులో ఉంటాయి.

'చేజ్' అనే ఆదేశంతో పాస్‌వర్డ్ చివరిసారి మార్చిన తేదీని సున్నాగా పెట్టవచ్చు. అప్పుడు విద్యార్థి మొదటిసారి ప్రవేశించగానే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకొనేవరకు వ్యవస్థ ముందుకు పోనివ్వదు. ఇది అథీనా పద్ధతి అంత బలమైనది కాదు. మొదటి ప్రవేశం అసలు విద్యార్థిదే అవుతుందన్న హామీ ఇందులో లేదు. అయినా ఒక చిన్న ప్రయోగశాలకు ఇది అందుబాటులో ఉన్న మంచి మార్గం. పెద్ద సంస్థలు 1993లో తొలి నిర్దేశం వెలువడిన ఎల్‌డాప్ వంటి డైరెక్టరీ సేవలను, కెర్బెరోస్‌ను కలిపి వాడుతున్నాయి.

మీకు ఈ బాధ్యత అప్పగిస్తే కింది క్రమాన్ని పాటించండి. జాబితాలో పేర్ల పునరుక్తిని ముందే పరీక్షించండి. గతంలో వాడిన సంఖ్యలను విడిచిపెట్టండి. ఒక్కొక్కరికి వేరు వేరు తొలి పాస్‌వర్డ్ ఇవ్వండి. వ్యవస్థలో ఉన్న నమ్మదగిన యాదృచ్ఛిక సాధనాన్నే అందుకు వాడండి. పాస్‌వర్డ్ కాగితాన్ని గుర్తింపు కార్డు చూసి ఎవరిది వారికి విడివిడిగా ఇవ్వండి. మొదటి ప్రవేశంలోనే మార్పు తప్పనిసరి చేయండి. పని పూర్తికాగానే స్పష్టాక్షరాల ఫైలును తొలగించండి. వారం తరవాత ఇంకా ఎవరు ప్రవేశించలేదో చూసి, ఆ ఖాతాలను తాత్కాలికంగా నిలిపివేయండి.

ఇందులో ఒక్కొక్కరి కార్డు చూసి ఇవ్వడం అనే పని మాత్రం యంత్రానికి అప్పగించలేం. దానికి సమయం పడుతుంది. ప్రోగ్రాం మిగిల్చిన 25 గంటల్లో కొంత ఆ పనికి వెచ్చించడం న్యాయం.

6.9 సారాంశం

అనేకమంది ఒకే యంత్రాన్ని వాడటం మొదలయినప్పుడు ఖాతా, పాస్‌వర్డ్ అవసరమయ్యాయి. యూనిక్స్ ఒక మనిషిని ఒక పంక్తిగా రాయడం వల్ల ఖాతాలను ప్రోగ్రాం ద్వారా సృష్టించడం సులభమయింది. 8 బిట్ల సంఖ్య, 8 అక్షరాల పేరు తొలి పరిమితులు. అవి కాలక్రమంలో సడలాయి. తొలి పాస్‌వర్డ్‌ను గుంపుగా పంచడం మాత్రం నేటికీ ప్రమాదకరమే. 112 సంవత్సరాల లెక్క ఒక్క నిమిషానికి కుదించుకుపోయిన ఉదంతం దీనికి నిదర్శనం. అథీనా ప్రాజెక్టు అర్హుల జాబితాను సామూహికంగా చేర్చి, పేరు, రహస్యం ఎంచుకొనే పనిని విద్యార్థికే వదిలింది. ఖాతాలను వందల్లో సృష్టించవచ్చు కాని ప్రతి ఖాతా ఒక్క మనిషికే చెందాలి. నిర్వాహకుడి బాధ్యత అక్కడే ఉంది.

6.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. యూనిక్స్‌లో ఖాతాల సృష్టి చేతిపని నుంచి యంత్రం చేసే పనిగా మారిన క్రమాన్ని వివరించండి.
2. అథీనా ప్రాజెక్టులో కొత్త విద్యార్థుల నమోదు విధానాన్ని, దాని గుణదోషాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పాస్‌వర్డ్ ఫైలు పంక్తిలోని ఏడు క్షేత్రాలను పేర్కొనండి.
2. 'ఉప్పు' కలపడం వల్ల ఏ సమస్య తీరింది? ఏ సమస్య తీరలేదు?
3. మీ కళాశాలలో 120 మందికి ఖాతాలు ఇవ్వాలి. తొలి పాస్‌వర్డ్‌ను వారికి ఎలా అందజేస్తారు? కారణాలు తెలపండి.